ఆ రెండున్నర గంటలు నేను ఎక్కడ ఉన్నాను?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. హనుమకొండలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. రెండు నెలల కిందట పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగింది. మత్తు డాక్టరుగారు ముక్కు మీద మాస్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. చేతి నరంలోకి చల్లగా ఏదో ఎక్కుతున్నట్టు అనిపించింది. మరుక్షణం నర్సు నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. “ఇంకా మొదలుపెట్టలేదా?” అని అడిగాను. అప్పటికి రెండున్నర గంటలు గడిచాయట. నిద్రపోయి లేస్తే రాత్రి గడిచిందన్న సంగతైనా తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు. మెడిసిన్ చివరి సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు, “మనసంటే మెదడు చేసే పనే అత్తయ్యా, మెదడు ఆ పని ఆపింది, నువ్వూ ఆగావు, ఇందులో చిక్కేముంది” అంటున్నాడు. ఉపనిషత్ ప్రవచనాలకు వెళ్లే మా అక్కయ్య, “ఆగింది మనసే, లోపల సాక్షి ఉండనే ఉన్నాడు” అంటోంది. ఇద్దరూ అంత గట్టిగా చెబుతుంటే నాకు ఏదీ తేలడం లేదు. చావు కూడా ఇలాగే ఉంటుందా అన్న ఆలోచన రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు. ఎవరి మాట నిజం?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపింది మీరు నర్సును అడిగిన ఆ ప్రశ్న. “ఇంకా మొదలుపెట్టలేదా?” అని అడిగిన మనిషికి మధ్యలో చీకటి లేదు, ఖాళీ లేదు, నిరీక్షణ లేదు. మాస్కు పెట్టిన క్షణానికి నర్సు పిలిచిన క్షణాన్ని తెచ్చి అతుకు కనపడకుండా కుట్టేసినట్టు ఉంది. రెండున్నర గంటలు పోయాయని మీరు గోడ గడియారాన్ని బట్టి, ఇతరుల మాటను బట్టి తెలుసుకున్నారే గాని, మీ లోపలి నుంచి తెలుసుకోలేదు. మీ మేనల్లుడు, మీ అక్కయ్య వాదించుకుంటున్నది ఆ అతుకు గురించే కాబట్టి, దాన్ని దగ్గరగా చూసిన తర్వాతే వారిద్దరి దగ్గరికి వెళదాం.

ముందు మాటల సంగతి చూడాలి, ఎందుకంటే ఈ చర్చలో సగం గందరగోళం మాటల వల్లే పుడుతుంది. పడిపోయినవారికి స్పృహ తప్పిందంటాం, లేచాక తెలివి వచ్చిందంటాం, ఒక సంగతి మనసుకు తెలిసి ఉండడాన్ని ఎరుక అంటాం, మీ వరంగల్ వైపున సోయి అంటారు. సంస్కృతంలో కోరిక అనే అర్థమున్న స్పృహ తెలుగులోకి వచ్చి మెలకువలో ఉండే ఎరుకగా మారిపోయింది. ఇన్ని మాటలున్నా వాడుకలో మనం మూడు వేర్వేరు విషయాలను కలిపేస్తూ ఉంటాం. పిలిస్తే పలకడం, గిల్లితే కదలడం స్పందన. జరిగినదాన్ని తర్వాత చెప్పగలగడం జ్ఞాపకం. నొప్పి నొప్పిగా, ఎరుపు ఎరుపుగా లోపల తెలియడం అనుభవం. మామూలు రోజుల్లో ఈ మూడూ కలిసే నడుస్తాయి గనుక మనకు తేడా తెలియదు. మత్తుమందు వాటిని విడదీస్తుంది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 19వ శతాబ్దంలో అత్తిపత్తి మొక్కను ఈథర్ అనే మత్తుమందు ఆవిరిలో ఉంచి చూశాడు. తాకితే ముడుచుకోవలసిన ఆకులు ముడుచుకోవడం మానేశాయి. ఈథర్ తొలగించాక మళ్లీ మామూలయ్యాయి. మొక్కకు స్పృహ తప్పిందని దీన్ని బట్టి చెప్పగలమా? స్పందన ఆగిందని మాత్రమే చెప్పగలం. దీనికి ఎదురు దిశలోని ఉదాహరణ ఆపరేషన్ గదిలోనే ఉంది. పెద్ద ఆపరేషన్లలో మత్తుతో పాటు కండరాలను సడలించే మందు కూడా ఇస్తారు కాబట్టి, రోగి లోపల మేలుకుని ఉన్నా వేలు కదపలేడు. 1977లో బ్రిటన్‌కు చెందిన మైఖేల్ టన్‌స్టాల్ అనే వైద్యుడు ఒక ఉపాయం చేశాడు: రక్తపోటు కొలిచే పట్టీ వంటిదాన్ని ముంజేతికి బిగించి, ఆ సడలింపు మందు ఆ ఒక్క చేతికి చేరకుండా ఆపి, మత్తులో ఉన్న మనిషితో “వింటుంటే నా చెయ్యి నొక్కండి” అన్నాడు. కొందరు నొక్కారు. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలా పరీక్షించిన 260 మందిలో 12 మంది నొక్కారు. ఇలా నొక్కినవారిలో చాలామందికి లేచాక ఏమీ గుర్తుండదు. మీకు కంగారు కలగకుండా ఇంకో అంకె కూడా చెప్పాలి: లేచాక ఆపరేషన్ గుర్తుందని తమంతట తాము చెప్పేవారు చాలా అరుదు, బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిపి 2014లో ప్రకటించిన పెద్ద సర్వేలో సుమారు 19 వేల మందిలో ఒకరు.

దీన్ని బట్టి మీ విషయంలో ఖచ్చితంగా తెలిసింది ఒక్కటే: మీకు జ్ఞాపకం లేదు. అనుభవం కూడా లేదన్నది బహుశా నిజమే, డాక్టరు మోతాదు సరిగా ఇచ్చి ఉంటారు గనుక చాలా వరకు నిజమే అనుకోవచ్చు. కాని అది మీరు లోపలి నుంచి చూసి చెప్పిన సాక్ష్యం కాదు. “నేను లేను” అని చెప్పడానికి అక్కడ మీరు లేరు కదా. డాక్టరు స్పందనను పరీక్షించగలరు, జ్ఞాపకాన్ని తర్వాత అడిగి తెలుసుకోగలరు. మూడోదాన్ని మాత్రం ఈ రెండింటి ద్వారా ఊహించవలసిందే. మెదడుకూ ఎరుకకూ ఉన్న సంబంధం ఇంతకాలంగా తెగని చిక్కుగా ఉండడానికి కారణం ఇక్కడే ఉంది.

ఇప్పుడు మీ మేనల్లుడి మాట. అందులో నిజం చాలా ఉంది, దాన్ని తగ్గించి చూడడం న్యాయం కాదు. మీకు నరంలోకి ఇచ్చింది ప్రొపోఫాల్ అనే మత్తుమందు అయి ఉంటే, అది మెదడులోని నాడీకణాలపై గాబా అనే రసాయనాన్ని అందుకునే తలుపుల వంటి గ్రాహకాలకు అంటుకుని, ఆ కణాల ఉత్సాహాన్ని అణచివేస్తుంది. దాని ఫలితం ఎలా ఉంటుందో ఇటలీకి చెందిన మార్చెల్లో మస్సిమిని, ఆయన సహచరులు ముందు నిద్రలో పరీక్షించి 2005లో చూపించారు. పుర్రె మీది నుంచి మెదడుకు ఒక అయస్కాంత తాకిడి ఇచ్చి, దాని ప్రతిధ్వని ఎంత దూరం పోతుందో మెదడులోని విద్యుత్ సంకేతాలను గీతలుగా చూపే ఈఈజీతో గమనించారు. మెలకువలో అది గుడి గంట ఊరంతా మోగినట్టు మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి రూపు మార్చుకుంటూ పోయింది. గాఢనిద్రలో గోనెపట్టాలో చుట్టిన గంటలాగా కొట్టిన చోటే అణిగిపోయింది. తర్వాతి ప్రయోగాల్లో ప్రొపోఫాల్ మత్తులోనూ అలాగే ఆ ప్రతిధ్వని వైవిధ్యం పడిపోయింది. అంటే మీ మెదడు ఆగలేదమ్మా, మీ మేనల్లుడు ఆ ఒక్క మాట సరిచేసుకోవాలి. కణాలు పనిచేస్తూనే ఉన్నాయి, ఒకదాని మాట ఇంకొకదానికి అందడం తగ్గింది.

మనసు దేహాన్ని ఆశ్రయించి ఉందన్న సంగతి మన పెద్దలకు కొత్తేమీ కాదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతును 15 రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉపవాసం ఉండమని, ఆ తర్వాత వేదం చెప్పమంటాడు. ఒక్క ఋక్కూ గుర్తు రాదు. అన్నం తిన్నాక అంతా తిరిగి వస్తుంది. పెద్ద మంట ఆరిపోయి మిణుగురు పురుగంత నిప్పుకణిక మిగిలితే దానితో ఏదీ కాలదు, గడ్డి వేసి రాజేస్తే మళ్లీ మండుతుంది, నీ మనసూ అలాంటిదే అని తండ్రి చెబుతాడు. మనసు అన్నమయం అని తేల్చిన ఈ కథ మీ అక్కయ్యగారు వినే ప్రవచనాల్లో వచ్చే ఉంటుంది. మేనల్లుడికి అది ఆమె నోటి నుంచే వినిపిస్తే బాగుంటుందని నాకు అనిపిస్తోంది.

మీరు తెలంగాణవారు గనుక ఇంకో సంగతి కూడా చెబుతాను. మత్తుమందు చరిత్రలో హైదరాబాదుకు పేరుంది. 1888, 1889 సంవత్సరాల్లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా, బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. క్లోరోఫామ్ ప్రాణం తీస్తే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది వారి ప్రశ్న. ఊపిరే అని వారు తేల్చారు. గుండె లయ నేరుగా దెబ్బతినవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చూపించాక ఆ తీర్పు నిలవలేదు. నాకు ఇందులో గమనించదగ్గదిగా కనిపించేది వేరే విషయం. అన్నేసి జంతువుల మీద అంత శ్రమపడి పరీక్షించిన ఆ కమిషన్లు, ఆ ఆవిరి ఎరుకను ఎలా తీసేస్తోందన్న ప్రశ్న జోలికి పోలేదు. ఆ ప్రశ్నకు తగిన పనిముట్టు వారి దగ్గర లేదు. ఇప్పుడు గ్రాహకాల పేర్లు తెలుసు, ఈఈజీ గీతలు తెలుసు, అయినా ఆ ప్రశ్నలో ఒక భాగం అలాగే ఉండిపోయింది.

ఏ భాగమో మీ వంటింట్లోనే చూడవచ్చు. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు మండుతుంది. కాప్సైసిన్ అనే పదార్థం నాలుక మీది నాడుల చివర్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి అంటుకుంటుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుక్కుంది; ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా స్పందించేది అదే గ్రాహకం. కారానికీ నిప్పుకూ మన భాష మంట అన్న ఒకే మాట ఎందుకు పెట్టిందో దీనితో తేటతెల్లమైంది: రెండూ ఒకే తలుపు తట్టి లోపలికి వస్తున్నాయి. ఒక అనుభవం ఇంకో అనుభవాన్ని ఎందుకు పోలి ఉంటుందో, ఎప్పుడు పెరుగుతుందో, ఏ మందుతో తగ్గుతుందో శాస్త్రం ఇంత చక్కగా చెప్పగలదు. అంతా చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగిలి ఉంటుంది. గ్రాహకం తెరుచుకుని, అయాన్లనే విద్యుదావేశ కణాలు లోపలికి పారి, సంకేతం త్రిధార నాడి మీదుగా మెదడుకు చేరి, చెయ్యి మంచినీళ్ల గ్లాసు కోసం చాచడం వరకు మొత్తం వ్యవహారం ఎవరికీ ఏమీ అనిపించకుండానే జరిగిపోవచ్చు కదా. మంట అనేది తెలియడం ఎందుకు?

మీ మేనల్లుడు “మెదడు చేసే పనే” అన్నాడు. నడక కాళ్లు చేసే పనే అన్నట్టుగా ఆ మాట వినపడుతుంది. కాని ఎముకలు, కీళ్లు, కండరాలు ఎలా కదులుతాయో మొత్తం తెలుసుకున్నవాడికి నడక గురించి ఇక విడిగా చెప్పవలసింది ఉండదు. ఆ కదలికలన్నీ కలిస్తే నడకే. నాడీకణాల సంగతి మొత్తం తెలుసుకున్నవాడికి మంట ఎలా ఉంటుందో విడిగా చెప్పవలసే ఉంటుంది. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1714లోనే దీన్ని పట్టుకున్నాడు: ఆలోచించే యంత్రాన్ని పిండిమరంత పెద్దది చేసి మనం లోపలికి వెళ్లి చూశామనుకుంటే, ఒకదాన్నొకటి నెట్టుకునే భాగాలు కనిపిస్తాయే గాని తెలియడం అనేది ఎక్కడా కనిపించదు అన్నాడు. 1994లో అమెరికాలోని టూసాన్ నగరంలో జరిగిన సదస్సులో డేవిడ్ చామర్స్ అనే యువ తత్త్వవేత్త దీనికి ‘కఠిన సమస్య’ అని పేరు పెట్టాడు. గుర్తుపట్టడం, శ్రద్ధ పెట్టడం, మెలకువకూ నిద్రకూ మధ్య మారడం వంటివి ఎంత శ్రమతో కూడినవైనా, యంత్రాంగం చూపిస్తే తేలిపోయే రకం సమస్యలు. అనుభవం ఆ రకానిది కాదన్నది అతని వాదం. 1998లో క్రిస్టాఫ్ కోక్ అనే నాడీశాస్త్రజ్ఞుడు, 25 ఏళ్లలోగా ఎరుకకు ఆధారమైన నాడీ యంత్రాంగం స్పష్టంగా తేలుతుందని అతనితో పందెం కాశాడు. 2023లో న్యూయార్కులో అందరి ముందూ ఓటమి ఒప్పుకుని పందెం ప్రకారం వైన్ సీసాలు ఇచ్చాడు. ఆ పందెం కఠిన సమస్య మీద కాదు, అంతకన్నా సులువైనదాని మీద, అదే తేలలేదు.

మేనల్లుడి తరఫున వాదించేవారి మాట కూడా చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. ఒకప్పుడు ప్రాణమంటే జడపదార్థానికి అతీతమైన శక్తి అనుకునేవారు. రసాయనశాస్త్రం పెరిగే కొద్దీ ఆ శక్తి అవసరమే లేకుండా పోయింది, ఎరుక విషయంలోనూ అదే జరుగుతుంది అంటారు. ఇది తీసిపారేయదగ్గ వాదం కాదు. కాని ప్రాణం గురించి ఆనాడు వివరించవలసింది పెరగడం, గాయం మానడం, సంతానం కనడం వంటి పనులు. పనులను యంత్రాంగంతో వివరించవచ్చు. ఇక్కడ పనులన్నీ వివరించాక మిగిలేదాని గురించే మన ప్రశ్న. ఆ మిగిలేదంతా భ్రమ అని డేనియల్ డెనెట్ వంటి తత్త్వవేత్తలు జీవితమంతా వాదించారు. నాకది సమ్మతం కాదు. పంటి నొప్పి భ్రమే అనుకున్నా, ఆ భ్రమ నొప్పిగానే తెలుస్తోంది గనుక వివరించవలసింది వివరించవలసినట్టే ఉంటుంది. కాబట్టి మీరు మేనల్లుడితో, “మనసు మెదడును ఆశ్రయించి ఉందని నువ్వు రుజువు చేశావు, ఎలా పుడుతోందో ఇంకా చెప్పలేదు; రెండూ వేర్వేరు మాటలు” అనండి. చదువుకునే పిల్లవాడికి ఈ తేడా ఇప్పుడే తెలియడం అవసరం.

ఇక అక్కయ్యగారి సాక్షి. ఆ వాదానికి మన దర్శనాల్లో గట్టి చరిత్ర ఉంది. గాఢనిద్ర నుంచి లేచినవాడు “సుఖంగా నిద్రపోయాను, నాకేమీ తెలియలేదు” అంటాడు. అనుభవించనిదాన్ని ఎవరూ గుర్తుచేసుకోలేరు కాబట్టి, ఏమీ తెలియకపోవడాన్ని కూడా చూసిన సాక్షి ఒకటి ఆ నిద్రలో ఉండి తీరాలని అద్వైతులు అంటారు. న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. వారికి ఆత్మ ఉంది, కాని ఎరుక దాని స్వభావం కాదు, మనస్సుతో కలిసినప్పుడు పుట్టే గుణం. లేచినవాడి మాట జ్ఞాపకం కాదు, ఒంటి తేలిక చూసి, తెల్లవారడం చూసి చేసుకున్న అనుమానం, అంటే ఊహ, అన్నారు. ఈ వాదంలో మీ అనుభవం నాకు కొత్త వెలుగుగా కనిపిస్తోంది. మీరు “సుఖంగా ఉన్నాను, ఏమీ తెలియలేదు” అనలేదు. “ఇంకా మొదలుపెట్టలేదా” అన్నారు. సాక్షి కోసం వాదం ఏ జ్ఞాపకం మీద నిలబడిందో ఆ జ్ఞాపకమే మీకు లేదు. ఒకవేళ సాక్షి ఉన్నా ఏ గుర్తూ వదలలేదు గనుక, ఆపరేషన్ బల్ల మీది అనుభవాన్ని చూపించి ఆమె దాన్ని స్థాపించలేరు. శ్రుతి మీద విశ్వాసంతో నమ్ముతానంటే అది వేరే సంగతి, దాని మీద నాకు గౌరవం ఉంది.

పైగా ఆమె చదివే సంప్రదాయమే మీ స్థితిని నిద్రతో కలిపేయలేదు. సొమ్మసిల్లినవాడి స్థితి ఏమిటని బ్రహ్మసూత్రాల్లో ఒక విడి సూత్రం ఉంది. దాని భాష్యంలో శంకరులు వైద్యుడిలా లక్షణాలు చెబుతారు: నిద్రపోయినవాడి ముఖం ప్రసన్నంగా ఉంటుంది, ఊపిరి సమంగా ఆడుతుంది, చేత్తో తడితే లేస్తాడు, సొమ్మసిల్లినవాడు రోకలి వంటి ముద్గరంతో కొట్టినా లేవడు. అది మెలకువా కాదు, కలా కాదు, నిద్రా కాదు, చావూ కాదు, గాఢనిద్రలో జీవుడు బ్రహ్మంతో కలిసే కలయికలో సగం అని తేలుస్తారు. పన్నెండు వందల ఏళ్ల నాటి ఈ పరిశీలనకూ, మత్తు నిద్ర కాదని నేటి వైద్యులు పదే పదే చెప్పేదానికీ తేడా ఎక్కువ లేదు.

నా మొగ్గు ఎటో అడిగారు కాబట్టి దాచను. మెదడు లేని ఎరుకకు నాకు ఆధారం కనిపించలేదు. అలాగని మెదడు గురించి ఇప్పుడు మనకున్న భావనలతోనే ఎరుక తేలిపోతుందని కూడా నేను నమ్మను. పదార్థమంటే ఏమిటో మనకు ఇంకా సగమే తెలుసునని, లేని సగంలోనే ఈ చిక్కుముడి ఉందని నా అభిప్రాయం. శాస్త్రం ఇంకా చెప్పలేకపోయినది ఆత్మకు రుజువు కాదు. ఇది అక్కయ్యగారికి నొప్పించకుండా చెప్పండి.

చావు గురించిన మీ భయానికి వస్తున్నాను. రాత్రిళ్లు మీరు ఊహించుకుంటున్నది అంతులేని చీకటి అయి ఉంటుంది. ఆ చీకటిని చూస్తూ లోపల మీరొకరు ఉన్నట్టు ఊహ సాగుతుంది, భయమంతా ఆ చూసే మనిషిది. మీ రెండున్నర గంటల్లో చీకటి కూడా లేదని మీకు తెలుసు. ఇంతకు మించి ఆ అనుభవం నుంచి ఏమీ తీయకండి. మీ గుండె కొట్టుకుంటూ, మెదడుకు రక్తం అందుతూ, కణాల అమరిక చెక్కుచెదరకుండా ఉంది గనుకనే మందు తగ్గగానే మీరు మీరుగా తిరిగి వచ్చారు. చావు ఇలాగే ఉంటుందని గాని ఉండదని గాని అది సాక్ష్యం చెప్పదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు నిద్ర చెదరడం చాలామందికి ఉంటుంది. రెండు నెలలైనా తగ్గలేదంటున్నారు కాబట్టి, తత్త్వం సంగతి అలా ఉంచి, మీకు ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి ఈ నిద్ర మాట తప్పకుండా చెప్పండి. వెళ్లినప్పుడు మత్తు డాక్టరుగారిని కూడా కలిసి, ఏ మందు ఇచ్చారో, ఎంతసేపు ఇచ్చారో అడిగి రాసుకోండి. రోజూ మనుషులను ఆ అతుకు దాటించి తెచ్చేవారు వారే, చెప్పడానికి వారికీ ఇష్టంగా ఉంటుంది.

తర్వాత ఒక ఆదివారం మేనల్లుణ్ణీ అక్కయ్యనూ ఒకచోట కూర్చోబెట్టి, ముందు మిరపకాయ ప్రశ్న అతన్ని అడగండి, సొమ్మసిల్లినవాడి సూత్రం ఆమెను చదివి చెప్పమనండి, ఆ పైన మీ నోట నర్సు ముందు వచ్చిన మాటకు ఇద్దరూ ఏం అర్థం చెబుతారో వినండి. వారు చెప్పినది నాకు రాస్తే సంతోషిస్తాను.